పలుచని ఆమ్లము – పి.హెచ్. లెక్క

భూసార పరీక్ష చేయించుకొన్న ప్రతి రైతు ఇంటను ఒక పత్రము ఉండును. 2015 నుండి ఇచ్చుచున్న భూసార ఆరోగ్య పత్రములో 12 అంశములు ఉన్నవి. అందులో పి.హెచ్. ఒకటి. నత్రజని ఎంత, భాస్వరము ఎంత అని శ్రద్ధగా చూచుకొనువారు కూడ పి.హెచ్. దగ్గరకు వచ్చుసరికి, 7 కన్న తక్కువైన పులుపు, ఎక్కువైన చౌడు అని చెప్పుకొని కాగితము మడిచి పెట్టెలో పెట్టుదురు. ఆ మాట తప్పు కాదు. కాని ఆ అంకె వెనుకనున్న లెక్క తెలియనందువలన నష్టపడువారు చాలమంది ఉన్నారు. బోరు నీటికి ఆమ్లము కలుపువారిలో కొందరు, కలుపవలసిన దానిలో యాబదవ వంతు మాత్రమే కలిపి పని అయినదనుకొనుచున్నారు. ఒక సీసా మందుతో ఎకరము నేల పి.హెచ్. దిగివచ్చునని నమ్మి డబ్బు పోగొట్టుకొనువారును కలరు.

కూడిక, గుణకారము, వర్గమూలము తెలిసిన వారెవరైనను ఈ లెక్కను స్వయముగా చేసికొనవచ్చును. కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదువుడు.

సున్నాలు లెక్కించుట

నీటి అణువులు దాదాపు అన్నియు చెక్కుచెదరక ఉండును. మిక్కిలి కొద్ది అణువులు మాత్రము రెండుగా విడిపోయి, ఒక భాగము ఉదజని అయానుగను, రెండవ భాగము హైడ్రాక్సిలు అయానుగను ఏర్పడును. ఉదజని అయానులు హెచ్చుగా ఉన్నచో ఆ నీరు ఆమ్లము, అనగా పులుపు. హైడ్రాక్సిలు అయానులు హెచ్చుగా ఉన్నచో క్షారము. రెండును సంఖ్యలో సమముగా ఉన్నచో తటస్థము.

ఈ ఉదజని అయానుల మొత్తము చాల తక్కువ కనుక దానిని మామూలు తూకములలో చెప్పుట కష్టము. 1909లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి పి.హెచ్. అను కొలతను ఏర్పరచెను. పాఠ్యపుస్తకములలో దీనిని లాగరిథములతో చెప్పుదురు. మనకు అంత అవసరము లేదు. లక్ష, కోటి అని లెక్కించు అలవాటు ఉన్నవారికి ఇది సున్నాల లెక్క మాత్రమే.

ఒక గ్రాము ఉదజని అయానులు ఎన్ని లీటర్ల నీటిలో పరచుకొని ఉన్నవో చూడుడు. ఆ సంఖ్యలో 1 తరువాత ఎన్ని సున్నాలు ఉన్నవో అదియే పి.హెచ్. వేయి లీటర్లలో ఒక గ్రాము ఉన్నచో పి.హెచ్. 3. పది వేల లీటర్లలో ఉన్నచో 4, లక్ష లీటర్లలో 5, పది లక్షలలో 6. స్వచ్ఛమైన నీటిలో, 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వద్ద, కోటి లీటర్లకు ఒక గ్రాము ఉండును. కోటికి ఏడు సున్నాలు. కనుక స్వచ్ఛమైన నీటి పి.హెచ్. 7. పది కోట్ల లీటర్లకు ఒక గ్రాము మాత్రమే ఉన్నచో 8. అది క్షారపు నీరు.

దీనిని బట్టి రెండు సంగతులు తెలియును. పి.హెచ్. అంకె పెరిగినకొలది పులుపు తగ్గును. ఒక అంకె తేడా అనగా పది రెట్ల తేడా, రెండు అంకెల తేడా అనగా నూరు రెట్లు. పొరుగువాని చేను 7.5, నా చేను 8.5, ఒకటే గదా తేడా అని తేలికగా అనుకొనరాదు. మధ్యనున్న అరలకు కూడ లెక్క కలదు: 6.5 అనగా సుమారు 32 లక్షల లీటర్లకు ఒక గ్రాము, 8.5 అనగా సుమారు 32 కోట్ల లీటర్లకు ఒక గ్రాము.

పలుచన చేయుచు పోయినచో

ఇప్పుడు ఆమ్లమును తీసికొందము. ఉదహరికామ్లము 36.5 గ్రాములు నీటిలో కలిసినప్పుడు ఒక గ్రాము ఉదజని అయానులు విడుదల అగును. ఇది అచ్చముగా ఆమ్లపు బరువు. దుకాణములో దొరకు సీసాలో మూడింట రెండు వంతులు నీరే ఉండును. ఈ 36.5 గ్రాములను పది వేల లీటర్ల తొట్టిలో కలుపుదము. తొట్టిలోనిది ఏ లవణమును లేని స్వచ్ఛమైన నీరు అనుకొనుడు. అట్టి నీరు పల్లెలో దొరకదు, అయినను లెక్క కొరకు అట్లే అనుకొందము. పదివేలకు నాలుగు సున్నాలు, కనుక పి.హెచ్. 4.

అంతే ఆమ్లమును లక్ష లీటర్లలో కలిపినచో 5. 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల నీటికుంటలో పది లక్షల లీటర్లు పట్టును; అందులో కలిపినచో 6. ఇంతవరకు చిక్కు లేదు. 25 ఎకరముల చెరువులో మీటరు లోతున నీరు ఉన్నచో అది సుమారు పది కోట్ల లీటర్లు. అందులో ఈ 36.5 గ్రాములు పోసినచో పి.హెచ్. ఎంత? సున్నాలు లెక్కించినచో ఎనిమిది వచ్చును.

ఇచ్చట ఆగి ఆలోచింపవలెను. ముందు 7 ఉన్న నీటిలో ఆమ్లము పోయగా 8 అయినదనుట, పులుపు పోసి చౌడు చేసితిమని చెప్పుటయే. చెరువులో చిటికెడు ఉప్పు వేసినచో నీరు ఉప్పన కాకపోవచ్చును. కాని వేయక ముందుకన్న చప్పన కాజాలదు. కళాశాలలో చదువుకొను పిల్లలు కూడ పరీక్షలో ఈ లెక్కకు 8 అని వ్రాసి మార్కులు పోగొట్టుకొందురు. ఎంత నీరు కలిపినను ఆమ్లము క్షారము కాదు.

పొరపాటు ఎక్కడ ఉన్నదనగా, మనము పోసిన ఆమ్లమును మాత్రమే లెక్కించి, నీటికి స్వతహాగా ఉన్న ఉదజని అయానులను విడిచిపెట్టితిమి. తొట్టిలో పోసినప్పుడు ఆమ్లపు భాగము నీటి భాగముకన్న వేయి రెట్లు ఉండెను కనుక విడిచిపెట్టినను బాధ లేకపోయెను. చెరువులో అట్లు కాదు. అక్కడ నీటి సొంత భాగము ఒకటైతే మనము పోసినది అందులో పదియవ వంతు మాత్రమే.

అయితే ఒకటి, పదియవ వంతు కలిపి 1.1 అనవచ్చునా? అదియు సరి కాదు. ఆమ్లము కలిసినప్పుడు నీరు తాను విడిపోవుట కొంత తగ్గించుకొనును. దీనికి ఒక నియమము కలదు. కోటి లీటర్లకు ఒక గ్రాము అను మోతాదును ఒక పాలు అనుకొన్నచో, ఉదజని పాలను హైడ్రాక్సిలు పాలతో గుణించగా వచ్చు లబ్ధము, 25 డిగ్రీల వద్ద, ఎప్పుడును 1 అయి యుండును. హైడ్రాక్సిలు అయాను ఉదజని అయానుకన్న 17 రెట్లు బరువు కనుక ఇచ్చట పాలు అనునది బరువునుబట్టి కాక సంఖ్యనుబట్టి చెప్పినది. పోసిన ఆమ్లము ఎంతో, ఉదజని పాలు హైడ్రాక్సిలు పాలకన్న అంత ఎక్కువ ఉండవలెను. ఈ రెండు షరతులును తీరునట్లు లెక్క కట్టవలెను.

దానికి సులభమైన పద్ధతి ఇది. ఆమ్లపు పాలును వర్గము చేసి, 4 కలిపి, వర్గమూలము తీయుడు. దానికి ఆమ్లపు పాలును కలిపి సగము చేయుడు. వచ్చినది మొత్తము ఉదజని పాలు.

చెరువు లెక్కలో ఆమ్లపు పాలు 0.1. దాని వర్గము 0.01. నాలుగు కలుపగా 4.01. వర్గమూలము సుమారు 2.0025. దానికి 0.1 కలుపగా 2.1025, సగము 1.051. హైడ్రాక్సిలు పాలు దీనికన్న 0.1 తక్కువ, అనగా 0.951. రెంటిని గుణించి చూడుడు, 1 వచ్చును. పి.హెచ్. 6.98. అనగా 7 కన్న వెంట్రుకవాసి తక్కువ. ఇదియే సరియైన జవాబు.

కోటి లీటర్లలో ఆ 36.5 గ్రాములు కలిపినచో ఆమ్లపు పాలు 1. ఇదే పద్ధతిని చేయగా మొత్తము 1.618 పాలు, పి.హెచ్. 6.79 వచ్చును. పది లక్షల లీటర్ల కుంటకు ఆమ్లపు పాలు 10, మొత్తము 10.099, పి.హెచ్. 5.996. సున్నాల లెక్కకు 6 వచ్చినది గదా, తేడా లేనట్లే. కనుక పది లక్షల లీటర్ల వరకు సున్నాల లెక్క చాలును. అంతకన్న పలుచనైనప్పుడే వర్గమూలముతో పని.

వేసవిని గూర్చి ఒక మాట. 7 తటస్థమనుట 25 డిగ్రీలకు చెల్లును. వేడి హెచ్చినకొలది నీరు ఎక్కువగా విడిపోవును. 40 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన నీటి పి.హెచ్. సుమారు 6.77. అప్పుడును రెండు రకముల అయానులు సమముగానే ఉన్నవి కనుక అది పులుపు కాదు.

గాలియు పులుపే

ఇంత సూక్ష్మమైన లెక్క చేసిన తరువాత, శుద్ధజలము సీసాను తెచ్చి మూత తీసి పి.హెచ్. కొలిచినచో 7 కాని 6.98 కాని కనబడదు. ఆరుకన్న తక్కువే కనబడవచ్చును. పరికరము చెడినదని తొందరపడి అనుకొనకుడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి బలహీనమైన ఆమ్లము అగును. మురికి లేని గాలిలో కురిసిన వాననీటికి కూడ ఇందువలననే పి.హెచ్. సుమారు 5.6 ఉండును, అనగా 4 లక్షల లీటర్లకు ఒక గ్రాము. చెరువు లెక్కలో మనము పోసిన ఆమ్లముకన్న గాలి ఇచ్చు ఆమ్లమే సుమారు 250 రెట్లు హెచ్చు. పాఠశాలలో ఈ ప్రయోగము చేయించువారు నీటిని ముందుగా కాచి, మూత బిగించి చల్లార్చి వాడవలెను.

బోరు నీటి సంగతి

స్వచ్ఛమైన నీటి లెక్క ఇంతటితో అయినది. పొలములో దీనిని అట్లే వాడినచో మోసపోవుదుము. బోరు నీటిలో సున్నము, మెగ్నీషియము, సోడియములతో కూడిన బైకార్బనేటులు కరగి ఉండును. వానిలో పోసిన ఆమ్లమును మొదట బైకార్బనేటులే మ్రింగివేసి, బొగ్గుపులుసు వాయువుగా మారి బుడగలై పోవును. అవి తీరిన తరువాత గాని పి.హెచ్. కిందికి దిగదు. పి.హెచ్. అనునది జేబులోని చిల్లర వంటిది. బైకార్బనేటులు గాదెలోని ధాన్యము. జేబు చూచి ఆసామి స్థితి చెప్పలేము.

ఉదాహరణకు ఒక బోరు నీటి పరీక్షా పత్రములో పి.హెచ్. 8, బైకార్బనేటులు లీటరుకు 5 మిల్లీ తుల్యాంకములు అని ఉన్నదనుకొందము. బిందు సేద్యపు గొట్టములలో పేరుకొన్న సున్నపు గారను కరగించుటకు 1,000 లీటర్ల నీటిని పి.హెచ్. 4కు దింపవలెను. స్వచ్ఛమైన నీటి లెక్క ప్రకారము 3.65 గ్రాముల ఉదహరికామ్లము చాలును. 33 శాతము గల దుకాణపు ఆమ్లములో అది 10 మిల్లీ లీటర్లు కూడ కాదు. కాని ముందుగా బైకార్బనేటులను తీర్చుటకే 182.5 గ్రాములు కావలెను. రెండును కలిపి సుమారు 186 గ్రాములు, అనగా దుకాణపు ఆమ్లము దాదాపు అర లీటరు. లెక్కకు, వాస్తవమునకు 50 రెట్ల తేడా. పది మిల్లీ లీటర్లు పోసినవారి గొట్టములు కరగకపోవుట ఆమ్లము దోషము కాదు.

పరీక్షా పత్రము చేతిలో లేనివారు బకెట్టుతో చూచుకొనవచ్చును. ప్లాస్టిక్ బకెట్టులో సరిగా 10 లీటర్ల బోరు నీరు తీసికొనుడు. విడిగా 9 పాళ్ల నీటిలో ఒక పాలు దుకాణపు ఆమ్లము కలిపి పలుచన చేసికొనుడు. ఎప్పుడును నీటిలో ఆమ్లము పోయవలెను గాని, ఆమ్లములో నీరు పోయరాదు. అట్లు పోసినచో చిమ్మి కన్నులలో పడును. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు ఉండవలెను. పలుచని ఆమ్లమును 5 మిల్లీ లీటర్ల చొప్పున బకెట్టులో పోయుచు, కలియబెట్టి, పి.హెచ్. కాగితముతో చూచుచుండుడు. చాలసేపు అంకె మెల్లగా కదలును. తరువాత హఠాత్తుగా జారును. ఆ జారు చోట ఒక్కొక్క మిల్లీ లీటరు పోయవలెను. పైన చెప్పిన నీటికి 49 మిల్లీ లీటర్ల దగ్గర 4 వచ్చును. దానిని నూరుతో గుణించినచో 1,000 లీటర్లకు పలుచని ఆమ్లము 4.9 లీటర్లు, అందులో దుకాణపు ఆమ్లము 490 మిల్లీ లీటర్లు. పై లెక్కతో సరిపోయినది.

మోటారు గంటకు 10,000 లీటర్లు పంపునదై, పావుగంట ఆమ్లము ఎక్కించవలెనన్నచో, పోవు నీరు 2,500 లీటర్లు, దుకాణపు ఆమ్లము సుమారు 1.2 లీటర్లు. గొట్టములోని గార కూడ ఆమ్లమును తినును. కనుక మొదటి డ్రిప్పరు వద్ద కాక చివరి డ్రిప్పరు వద్ద నీరు పట్టి చూడవలెను. అక్కడ 4 కనబడినప్పుడే ఆమ్లము అంతటికిని అందినట్లు. ఆ పిమ్మట చివరి మూతలు విప్పి మంచినీటితో బాగుగా కడుగవలెను. నాచు పోవుటకు వాడు బ్లీచింగు పొడిని, ఈ ఆమ్లమును ఒకే పాత్రలో కాని, ఒకే పూట కాని వాడరాదు. రెండును కలిసినచో పుట్టు క్లోరిన్ వాయువు ప్రాణాపాయకరము.

మందు పిచికారి చేయు నీటికి ఇంత పులుపు పనికిరాదు. మలాథియాన్, డైమిథోయేట్ వంటి మందులు క్షారపు నీటిలో నిలువ ఉన్నచో సత్తువ కోల్పోవును గనుక, అట్టి నీటిని 6.5 దరికి తెచ్చుకొన్న చాలును. బైకార్బనేటులలో సగము తీర్చినచో ఆ స్థితి వచ్చును. పై బోరు నీటికైతే 16 లీటర్ల ట్యాంకుకు నిమ్మ ఉప్పు 3 నుండి 4 గ్రాములు సరిపోవును. ముందు నిమ్మ ఉప్పు, తరువాత మందు కలిపి, నిలువ ఉంచక కొట్టవలెను. రాగి మందులకు మాత్రము ఇది చేయరాదు. పులుపు నీటిలో రాగి ఎక్కువగా కరగి ఆకులను మాడ్చును. బోర్డో మిశ్రమములో ఇనుప మేకు ముంచి, దానిపై రాగిపూత పట్టినచో ఇంకను సున్నము చాలలేదని మన పెద్దలు చూచుకొనుట ఇందుకే.

గ్లాసులో తగ్గినది నేలలో తగ్గదు

నేల పి.హెచ్. తగ్గించు ద్రవమని సీసాలు అమ్మువారు కొన్ని చోట్ల ఒక ప్రదర్శన చేయుచున్నారు. గ్లాసెడు నీటిలో ఒక చుక్క వేయుదురు. పి.హెచ్. కాగితము పచ్చనిది ఎర్రబారును. చూచినవారు ఆశ్చర్యపడి కొందురు. ఆ గ్లాసులో ఉన్నది చాలవరకు శుద్ధి యంత్రమునుండి పట్టిన నీరు. అందులో బైకార్బనేటులు లేనట్లే. దుకాణపు ఉదహరికామ్లము ఒక్క చుక్క అట్టి 200 మిల్లీ లీటర్ల నీటిని పి.హెచ్. 2.6 వరకు దింపగలదు. అదే చుక్క పైన చెప్పిన బోరు నీటి గ్లాసులో వేసినచో 6.4 దగ్గర ఆగును. ఆ గ్లాసులో మీ నల్లరేగడి మట్టి రెండు చెంచాలు వేసి కలియబెట్టి కొంతసేపు ఆగినచో అంకె మరల 7 దాటి పైకి పోవును. అమ్మవచ్చినవానిని మీ బోరు నీటితో, మీ మట్టితో చేసి చూపుమని అడుగుడు. గ్రామాధికారులు పదిమంది ఎదుట ఈ పరీక్ష చేయించినచో ఆ ఊరిలో సీసాలు అమ్ముడుపోవు.

మట్టి ఎందుకిట్లు చేయునో లెక్క చూడుడు. ఎకరములో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో సున్నపురాయి నూటికి ఒక వంతు ఉన్నదనుకొన్నను 9,000 కిలోలు అగును. సున్నపు గులకలు కనబడు రేగడిలో ఇంకను హెచ్చుగానే ఉండును. లీటరు దుకాణపు ఉదహరికామ్లము అర కిలో సున్నపురాయిని మాత్రమే కరగించగలదు. ఆ 9,000 కిలోలు తీరుటకు 17,000 సీసాలకు పైగా కావలెను. అంత ఆమ్లము పోసిన నేలలో పైరు కాదు, గడ్డి కూడ మొలవదు. సున్నపు రేగడిలో 8 దాటిన పి.హెచ్. ను దింపుటకు పూనుకొనక, ఆ నేలలో దొరకని జింకు, ఇనుము వంటి ధాతువులను పైరుపై పిచికారి చేసి ఇచ్చుటయే లాభకరము.

కారు చౌడు వేరు. అక్కడ దోషము మట్టిని అంటుకొన్న సోడియముది. 8.5 దాటి, నీరు ఇంకక, ఎండిన తరువాత పైన నల్లని పొర కట్టు నేలకు జిప్సం వేసి, మడులు కట్టి, నీరు నిలిపి, మురుగు కాలువలగుండా సోడియమును వెడలగొట్టవలెను. జిప్సం ఎంత వేయవలెనో పి.హెచ్. అంకెనుబట్టి అంచనా కట్టరాదు. మట్టి నమూనా పంపునప్పుడు జిప్సం అవసరపు పరీక్ష కూడ చేయుమని కాగితముపై విడిగా వ్రాయుడు. నీటి నమూనా కూడ పంపదలచినచో, మోటారును కొంతసేపు నడిపిన తరువాత, అదే నీటితో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో గాలి చొరబడకుండ అంచువరకు నింపి, మూత బిగించి, ఆ దినమే ప్రయోగశాలకు చేర్చవలెను. ఆలస్యమైనచో బొగ్గుపులుసు వాయువు కొంత తప్పించుకొని, సీసాలోని నీరు బోరులోని నీటికన్న ఎక్కువ క్షారముగా కనబడును.